రెండు చప్పుళ్ల మధ్య ధార

గదిలో లైటు తీసేశారు. అమ్మ మెడ మీద చల్లటి జెల్ రాసి డాక్టరుగారు ప్రోబు ఆనించారో లేదో, మిషన్లోంచి హుష్ష్... హుష్ష్... అని చప్పుడు. అమ్మ ఉలిక్కిపడింది. "మీ రక్తం చప్పుడేనమ్మా" అన్నారాయన.

తల తిరుగుతోందంటే మెడ ధమనులకి డాప్లర్ స్కాన్ రాశారు. పక్కన కూర్చుని చూడటమే నా పని. కానీ ఆ పది నిమిషాల తర్వాత నాకు వేరే ధ్యాస లేదు.

మెడలో పైకి వెళ్లే ధమని దవడ కింద రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ ముఖానికి, ఒకటి మెదడుకి. తెర మీద ముఖం కొమ్మ అల సూదిలా లేచి, దాదాపు అడుగు గీత దాకా జారిపోతోంది. డాక్టరుగారు అమ్మ చెవి ముందు వేలితో టకటకమని తట్టారు. ఆ అల మీద రంపపు పళ్లలా వణుకు! ముఖానికి వెళ్లేది ఇదేనని అలా గుర్తుపడతారట. తర్వాత రెండో కొమ్మ మీద పెట్టారు. అల లేచింది, మెల్లగా దిగింది, కానీ అడుగు తాకలేదు. తాకేలోపే మళ్లీ లేచింది. "ఇదేంటండీ, కిందికి దిగట్లేదు?" అన్నాను. "అది మెదడుకండీ. అక్కడ ధార ఆగకూడదు."

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె, ఒక్కో విడతలో రక్తాన్ని నెట్టేది సుమారు 0.3 సెకన్లే. మిగతా అర సెకను కవాటం మూసే ఉంటుంది. శరీర బరువులో 2 శాతమే ఉన్న మెదడు, మనం తీసుకునే ఆక్సిజన్‌లో 20 శాతం వాడుకుంటుంది. పైగా దాచుకోవడం దానికి చేతకాదు. మరి ఆ అర సెకను రక్తాన్ని నెట్టేదెవరు?

పద్యనాటకంలో హార్మోనియం చూశారా? ఎడమచేయి బెల్లోస్‌ని ఆపి ఆపి నొక్కుతుంది, స్వరం మాత్రం తెగదు. పెట్టె లోపల స్ప్రింగుతో ఇంకో తిత్తి ఉంటుంది. అది గాలి నింపుకుని ఉబ్బి, చేయి ఆగినప్పుడు నెమ్మదిగా వదులుతుంది. మన ఛాతీలో ఆ లోపలి తిత్తి మహాధమని. గుండె నెట్టే సుమారు 70 మిల్లీలీటర్లలో దాదాపు సగం దాని గోడలు సాగి పట్టి ఉంచుతాయి. కవాటం మూసుకోగానే ముడుచుకుని ముందుకు తోస్తాయి. మెదడులోని సన్న నాళాలు ఎప్పుడూ వదులుగానే ఉంటాయి కాబట్టి ధార అటు సాగిపోతుంది. ధమని అన్న మాటే ఊదడం అనే ధాతువు నుంచి వచ్చిందని తెలిసినప్పుడు భలే ముచ్చటేసింది!

ధమనులు ఇలా తిత్తిలా పనిచేస్తాయని 1733లోనే స్టీఫెన్ హేల్స్‌కి తట్టింది. గుర్రం ధమనికి గాజు గొట్టం అమర్చి, రక్తం 8 అడుగుల 3 అంగుళాలు ఎక్కడం చూసిన ఇంగ్లండు మతాచార్యుడు ఆయన. చేత్తో కొట్టే అగ్నిమాపక యంత్రంలో గాలి గది నీటిని ఎడతెగని ధారగా మార్చినట్టే ధమనులూ చేస్తాయన్నాడు. 1899లో జర్మనీలో ఒట్టో ఫ్రాంక్ దానికి లెక్క కట్టాడు.

ఇక వంపులు! మెదడుకి తిన్నటి గొట్టమే మేలనుకునేదాన్ని. మెదడు కొమ్మ పుర్రె అడుగున పాములా మెలికలు తిరిగి లోపలికెళ్తుంది. మెడ వెనక ధమనులు మొదటి వెన్నుపూస మీద చుట్టు తిరిగి మరీ వెళ్తాయి. ఆ మెలికలు నాడి దెబ్బని కొంత మెత్తబరుస్తాయని పరిశోధకులు భావిస్తున్నారు. ఆకారానికి ఖరీదూ ఉంది. దవడ కింద చీలిక దగ్గర ధమని కాస్త ఉబ్బుగా ఉంటుంది. అక్కడ బయటి గోడ పక్కన ప్రవాహం మందగిస్తుంది. ఏట్లో నీరు నెమ్మదించినచోట ఇసుక మేట వేసినట్టు, కొవ్వు పేరుకునేది ఆ గోడకే. డాక్టరుగారు అంతసేపు వెతికింది అక్కడే.

వయసుతో, బీపీతో మహాధమని బిర్రబిగుస్తుంది. కుర్రతనంలో సెకనుకి 5, 6 మీటర్లు పరుగెత్తే నాడి అల పెద్దవయసులో 10 దాటుతుంది. కుర్రతనంలో మెత్తటి మహాధమని నుంచి బిగువైన మెడ ధమనిలోకి వచ్చేచోట అల కొంత వెనక్కి మళ్లుతుంది, ఆ మేరకి మెదడుకి దెబ్బ తగ్గుతుంది. మహాధమని కూడా బిగుసుకుంటే ఆ అడ్డు పోతుంది. సన్నటి నాళాల మీద ప్రతి దెబ్బా పడుతుంది.

అమ్మ రిపోర్టులో అడ్డంకులేమీ లేవు. అయినా నా ధ్యాస ఆ సాగే గోడల మీదే. ధమని గోడని సాగనిచ్చేది ఎలాస్టిన్ అనే ప్రొటీను. రోజుకి లక్షసార్లు సాగి ముడుచుకునే ఆ పోగులు దాదాపు అన్నీ కడుపులో ఉండగా, పసితనంలో తయారైపోతాయి. తర్వాత పుట్టేది బహు కొద్ది. అమ్మకి 66 ఏళ్లు. ఆవిడ గుండె పక్కన ఇవాళ పనిచేస్తున్న ఎలాస్టిన్ చాలామటుకు అమ్మమ్మ కడుపులో అల్లుకోవడం మొదలైనదే.