మామ తుపాకికి వెల ఎంత?

తిరుపతిలో చిత్తూరు బస్సెక్కితే, కండక్టరు ఇచ్చిన చిల్లర లెక్క చూచుకొనేలోగా చంద్రగిరి వచ్చేస్తుంది. మొన్న ఆదివారం నేనక్కడే దిగిపోయాను. వెళ్ళవలసింది చిత్తూరు పక్కన మా మామగారి పల్లెకు. కాని దానికి ముందు పాత ఆయుధాలను ఒకసారి చూడాలనిపించింది. కారణం ఆయన పంపిన కబురే: "బోరు ఎండిపోయింది. కొత్త బోరు వేయించాల. తాత తుపాకి అమ్మేస్తా. చదువుకున్నోడివి గదా, వెల కనుక్కొని రా!"

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి తుపాకుల బేరం! ఏం చేస్తాను?

చంద్రగిరి రాజమహలు ఇప్పుడు మ్యూజియం. గాజు అరలలో కత్తులు, బాకులు ఉన్నవి గాని వాటికి ధర చీటీలు ఉండవు గదా! కొండనీడలో కూర్చుని ఆలోచించాను. ఈ కోట 1782లో హైదరలీకి వశమై, 1792 సంధి దాకా మైసూరు వారి చేతిలోనే ఉన్నది. ఆ 1782 డిసెంబరులోనే చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో హైదరు కన్నుమూశాడు. కొడుకు టిప్పు వచ్చేవరకు ఆ వార్త బయటకు పొక్కనీయలేదు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు టిప్పు ఆయుధాలెన్నో ఇంగ్లండు చేరినవి. ఇప్పుడవి అక్కడి వేలంపాటలకు వస్తున్నవి. మామ పేపర్లో చదివింది ఆ పాటల సంగతే.

మధ్యాహ్నానికి పల్లె చేరాను. మామ మామిడి తోపులో మంచం వాల్చుకొని ఉన్నాడు. తుపాకి పాతపంచెలో చుట్టి పక్కనే పెట్టుకున్నాడు.

"లండన్లో కోట్లంట గదరా!"

"నిజమే మామా. 2015 ఏప్రిల్లో టిప్పు వేటతుపాకి ఒకటి 7,22,500 పౌన్లు పలికింది. మన లెక్కలో దాదాపు 7 కోట్లు. కాని 2019 మార్చిలో అదే టిప్పుదన్న ఇంకో తుపాకి 60,000 పౌన్లకే పోయింది."

"అంత తేడా ఎందుకు?"

"పనితనంలో, నిలిచిన తీరులో తేడా ఉంటుంది. ఆ పూట పాటకు ఎవరు వచ్చారన్నదీ ఉంటుంది. పెద్ద వస్తువు కొనగలవాళ్ళు లోకంలో కొద్దిమందే. 2023 మేలో టిప్పు కత్తి 1 కోటి 40 లక్షల పౌన్లకు పైగా పోయింది. అదే అక్టోబరులో ఆయనదే మరో కత్తి అదే లండన్లో పాటకు వచ్చి, అమ్ముడుపోకుండా వెనక్కు పోయింది."

"మరి కాలం బాగలేనప్పుడో?"

నేను తోపు వైపు చూపించాను. 2025లో తోతాపురికి ధర పడిపోయినప్పుడు కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేటట్లు ఏర్పాటు చేయవలసి వచ్చింది. మామ దాన్ని మరచిపోలేదు.

"మామిడి కోసిన తర్వాత ఆగదు మామా. అందుకే అందరూ ఒకేసారి అమ్మాలి, ధర కుప్పకూలుతుంది. తుపాకి కుళ్ళదు. కాలం బాగలేనప్పుడు, డబ్బు అవసరం లేనివాడు దాన్ని బయటికే తీయడు. పాటలో పెట్టినా, ఇంతకు తగ్గితే ఇవ్వనని ముందే చెప్పి ఉంచుతాడు. అప్పులవాడు మాత్రం వచ్చిన ధరకే వదులుకోవాలి. పైగా, పేరున్న వస్తువుకు ఎవడో ఒక ధనికుడు దొరుకుతాడు. పేరులేని మామూలు తుపాకినే ముందు అడిగేవాడుండడు. ఇంకొక చిత్రముంది. 2008లో సుమారు 2 డాలర్లున్న పౌను 2009 మొదట్లో ఒకటిన్నర లోపుకు దిగింది. అప్పుడు డాలర్లున్నవాడికి లండన్ పాటలో ప్రతి వస్తువూ చవకే. ఒకడికి కరువు ఇంకొకడికి సంత!"

"ఇదీ హైదరు దండులోదేనని తాత చెప్పేవాడు," అంటూ మామ పంచె విప్పాడు.

చేతిలోకి తీసుకొని చూచాను. గొట్టం నోటినుంచి మందు కూరే తుపాకే. కాని చెకుముకి రాయిని పట్టుకొనే దవడ లేదు. దాని బదులు రాగిటోపీ తొడిగే చిన్న ముక్కు ఉన్నది. ఆ పద్ధతి 19వ శతాబ్దంలో వచ్చింది. అప్పటికి హైదరూ లేడు, టిప్పూ లేడు. చెప్పడానికి నోరు రాలేదు. అయినా చెప్పాను.

చట్టం సంగతీ చెప్పాను. నూరేళ్ళు దాటిన ఇటువంటి వస్తువును 1972 చట్టం ప్రకారం మనం పైదేశాలకు అమ్ముకోరాదు. ఇక్కడే అమ్ముదామంటే, పేలే తుపాకి కనుక కొనేవాడికీ లైసెన్సు కావాలి. 2019 సవరణతో ఒక మనిషి మూడు తుపాకులుంచుకొనే వీలు రెండుకు తగ్గింది. మూడోది ఉన్నవాడే దాన్ని వదిలించుకోవలసి వచ్చినప్పుడు, కొత్తగా కొనేదెవరు? లండన్ ధర చిత్తూరు దాకా రాదు.

మామ చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే తాత అబద్ధం చెప్పినాడంటావా?"

"ఆయనకు ఎవరో చెప్పి ఉంటారు, మామా."

ఆయన గొట్టాన్ని పంచె కొంగుతో నిదానంగా తుడిచాడు. ఆ తుడవడం చూస్తే, అమ్మాలన్న ఆలోచన ఆయనకూ ఇష్టం లేనిదేనని తెలిసిపోయింది. మళ్ళీ చుట్టి మంచం కింద పెట్టాడు.

"ఉండనీలేరా. ఇంతకీ మీ కాలేజీ సొసైటీలో అప్పు ఎంతవరకు ఇస్తారు?"

సాయంత్రం బస్సులో చంద్రగిరి కోట మళ్ళీ కనిపించింది. రెండు వందల ఏళ్ళ తుపాకి కాకపోతేనేం, గురి తప్పలేదు. పేలింది మాత్రం నామీద!