డాబా మీది చువ్వలు

బెజవాడ సత్యనారాయణపురంలో ఎప్పుడైనా తలెత్తి నడిచారా? అడ్డమొచ్చే స్కూటర్లని చూసుకోవడానికే సరిపోతుంది, తలెక్కడ ఎత్తుతాం లెండి! ఈసారి మాత్రం డాబాల పైకి చూడండి. పిట్టగోడ మూలల్లో తుప్పు పట్టిన ఇనుప చువ్వలు నాలుగేసి నిక్కి ఉంటాయి. ‘పెద్దాడి పెళ్లినాటికి ఇంకో అంతస్తు లేపుదాం’ అనుకుని ఇంటాయన వదిలినవి. పెద్దాడు హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కున్నాడు. చువ్వలు బట్టలారేసే తాడుకి పనికొచ్చాయి.

పేట ఒక్కసారిగా మారిపోయిందంటే నేనొప్పుకోను. మా మేనత్తగారిల్లే తీసుకోండి. మొదట మంగుళూరు పెంకుటిల్లు, వీధరుగు, పెరట్లో గిలక బావి. వానకి కారుతోందని వంటింటికి ఒక్కదానికే శ్లాబు వేయించారు. దానిమీదికి ఎక్కడానికి బయటినుంచి మెట్లు కట్టారు. అసలు కథంతా ఆ మెట్లదే! మెట్లుంటే పైన గది వెయ్యబుద్ధవుతుంది, గదుంటే అద్దెకివ్వబుద్ధవుతుంది. చూస్తుండగానే పెంకులు పోయి, ఇల్లు మూడు వాటాలైంది. పైన మామయ్య వదిలిన చువ్వలు సరేసరి.

మూడు వాటాలకీ ఒకటే కొళాయి. బిందెల వరస, ఎవరు ముందన్న తగువు, అది తెగేలోపే నీళ్లు ఆగిపోవడం. వాటాల ఇళ్లలో ఆప్యాయతలుండేవని కళ్లొత్తుకునేవాళ్లు ఆ వరసలో నిలబడి ఎరగరు. బావి మీద పలక పరిచి మోటారు బిగించాకే కాస్త శాంతి.

పేట మధ్యనుంచి పోయే రైలు పట్టాలు తీసేసి బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. రోడ్డు వెడల్పుని బట్టే కదా అంతస్తులకి అనుమతి! 2014లో రాష్ట్రం విడిపోయాక ఆఫీసులు బెజవాడకి తరలివచ్చాయి, అద్దెలు ఎగబాకాయి. బిల్డరు రానే వచ్చాడు: ‘స్థలం మీది, కట్టుబడి మాది, ఫ్లాట్లు చెరిసగం.’ అత్తయ్య డెవలప్‌మెంటుకి ఇచ్చేసింది. అరుగున్నచోట ఇప్పుడు కార్లు.

ఆవిడకేం బెంగ లేదు. మోకాళ్లకి లిఫ్టుంది, కొళాయి తిప్పితే నీళ్లున్నాయి. చికాకల్లా డాబా తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుండటమే. మొన్న వడియాలు పెడుతూ నన్నూ పైకి లాక్కెళ్లింది. పిట్టగోడంతా నున్నగా పూసేశారు, ఒక్క చువ్వా లేదు. బట్ట కొస కట్టుకోవడానికి ఆసరా దొరక్క అత్తయ్య నాలుగు మూలలా ఇటుకలు పెట్టింది.

‘ఆ ఇటుక కాస్త ఇటు జరుపురా’ అంది. జరిపాను.