కొల్లేటి చుట్టూ పట్టాలు

తాడేపల్లిగూడెం నుంచి కైకలూరుకు రైల్లో పోవాలంటే రెండు దారులున్నాయి. పడమటికి పోతే ఏలూరు, గన్నవరం దాటి విజయవాడలో బండి మారి, గుడివాడ మీదుగా మళ్లీ తూర్పుకి తిరగాలి. తూర్పుకి పోతే నిడదవోలులో మారి తణుకు, అత్తిలి, భీమవరం, ఆకివీడు అన్నీ చూసుకుంటూ రావాలి. ఎటు పోయినా నూరు కిలోమీటర్లకు తక్కువ కాదు. రెండు లైన్ల నడుమ కొల్లేరు ఉంది. పటం మీద వేలు పెట్టి పట్టాల వెంట నడిపిస్తే, బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. సరస్సు చుట్టూ రైలు కట్టిన వడ్డాణం అది. ఆ చుట్టంతా ఒకే బండిలో తిరగడానికి మాత్రం వీల్లేదు.

విజయవాడ మెట్రో గురించి పేపర్లో చదివిన ప్రతిసారీ ఈ వడ్డాణమే నా మనసులో మెదులుతుంది. 2015లో ఢిల్లీ మెట్రో వాళ్లు వేసిన మొదటి ప్రణాళికలో ఒక లైను పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి బందరు రోడ్డు మీదుగా పెనమలూరు దాకా, ఇంకొకటి ఏలూరు రోడ్డు మీదుగా నిడమానూరు దాకా. తర్వాత నిడమానూరు కొసను గన్నవరం వరకు పొడిగించారు. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన తొలి దశ 38.4 కిలోమీటర్లు, అంచనా 11,009 కోట్లు. బెజవాడ ఏలూరు రోడ్డు మీద నడిచే ఆ మెట్రో ఏలూరుకు నలభై కిలోమీటర్ల ఇవతలే ఆగిపోతుంది. అక్కడి నుంచి మా వైపు ఏం చెయ్యాలి? ఇంట్లో కూర్చుని పెన్సిలుతో గీతలు గీస్తే తేలే సంగతి కాదనిపించి, రెండు పట్టాల్నీ, వాటి నడుమ నీటినీ ఒకే రోజులో చూద్దామని బయలుదేరాను.

సోమవారం పొద్దున గూడెం ప్లాట్‌ఫాం నిండుగా ఉంది. ఉల్లి మార్కెట్టులో సరుకు దింపి ఇళ్లకు తిరిగిపోయే హమాలీలు, ఏలూరులో ఆఫీసులకు పోయేవాళ్లు, బ్యాగులేసుకున్న కాలేజీ పిల్లలు. లోకల్ బండి రాకముందు ఒక సూపర్‌ఫాస్టు ఆగకుండా దుమ్ము లేపుకుంటూ పోయింది. దాని వెనక బొగ్గు గూడ్సు. కలకత్తా, మద్రాసుల మధ్య నడిచే బరువంతా ఈ రెండు పట్టాల మీదే. 1893 నుంచీ ఇదే దారి. దూరం పోయేవాటికి దారిచ్చి, మిగిలిన సందులో ఊరి బండి నడవాలి. ఖరగ్‌పూర్ నుంచి విజయవాడకు సరుకు బండ్లకు విడిగా లైను వేస్తామని 2021 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. ఆ లైను పడిన రోజున చేబ్రోలు, కైకరం, పూళ్ల లాంటి చిన్న స్టేషన్లకు గంటకో బండి దొరకడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

భీమడోలు దాటాక ఎడమ కిటికీలోంచి చూశాను. మొదట వరి, తర్వాత చెరువు గట్లు, గట్ల వెనక చేపల చెరువుల మీద తిరిగే ఏరేటర్ల నురగ. కొల్లేరు అక్కడెక్కడో ఉందని నీటి మీద పడే వెలుగు తెలుపుతుంది గాని సరస్సు కనబడదు. దెందులూరు, ఆ తర్వాత పవర్‌పేట. సగం బండి అక్కడే దిగింది. నేను ఏలూరు పెద్ద స్టేషన్‌లో దిగి కాలువ గట్టు దాకా నడిచాను.

ఏలూరు కాలువను చూడకుండా ఈ ప్రాంతంలో దారుల గురించి మాట్లాడకూడదు. ధవళేశ్వరం నుంచి గోదావరి నీళ్లు, బెజవాడ నుంచి కృష్ణ నీళ్లు వచ్చి ఈ ఊళ్లోనే కలుస్తాయి. ఆనకట్టలు కట్టిన పందొమ్మిదో శతాబ్ది నడిమి రోజుల్లో ఇంజనీర్లు ఈ కాలువల్ని పొలాలకే తవ్వలేదు, పడవలకు కూడా తవ్వారు. లాకులు దాటుకుంటూ బియ్యం, ఉప్పు, మనుషులు గోదావరి నుంచి కృష్ణకు, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ మీద మద్రాసు దాకా పోయేవాళ్లు. రైలొచ్చాక ఆ పడవలు ఒక్కటొక్కటిగా తగ్గిపోయాయి. 2008లో నాలుగో జాతీయ జలమార్గం అని పేరు పెట్టినప్పుడు ఈ కాలువనూ అందులో చేర్చారు. గట్టు మీద నిలబడి చూస్తే గుర్రపుడెక్క ఆకులు కదలకుండా పరుచుకుని ఉన్నాయి. ఒక దారిని వాడకుండా వదిలేస్తే ఏమవుతుందో ఇక్కడ కళ్లకు కనబడుతుంది. మన రైళ్లకు ఆ గతి పట్టకూడదని నా తాపత్రయం.

కైకలూరు పోయే పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఈ బస్సుల్లో టికెట్టు ఖర్చు లేకపోవడంతో మిగతా సీట్లన్నీ వాళ్లతోనే నిండాయి. నా పక్కన ఒక పెద్దావిడ, ఒళ్లో ప్లాస్టిక్ సంచి, అందులో కాగితాలు.

"ఏలూరు ఏం పని మీద వచ్చారు పిన్నిగారూ?" అని అడిగాను.

"కలెక్టరాఫీసుకి బాబూ. పొలం పాసుబుక్కులో పేరు తప్పు పడింది. అర్జీ పెట్టొచ్చాను."

"ఇదివరకు బందరు వెళ్లేవారు కదా?"

"అదే హాయిగా ఉండేదయ్యా. గుడివాడలో బండి మారితే బందరులో దిగేవాళ్లం. ఇప్పుడు ఏలూరు దగ్గరే అంటారు. దగ్గరేగానీ, వానలొస్తే ఈ రోడ్డుంటుందో ఉండదో!"

ఆవిడ ఒక్క మాటలో చెప్పిన దాన్ని నేను రెండేళ్లుగా ఆలోచిస్తున్నాను. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలో చేరింది. తాడేపల్లిగూడేనికి జిల్లా కేంద్రం భీమవరం అయింది. జిల్లాల సరిహద్దు మారింది, పట్టాలు మారలేదు. కైకలూరు మనిషికి పాత జిల్లా కేంద్రానికి రైలుంది, కొత్త కేంద్రానికి బస్సే గతి. మెట్రో దారి మార్చాలని కొట్లాడే నగరాల గురించి చాలా రాస్తాం. ఇక్కడ దారి మార్చాల్సిన అవసరం ఒక్క ఉత్తర్వుతో వచ్చి పడింది.

ఏలూరు పొలిమేర దాటాక రోడ్డు సన్నబడి, రెండు వైపులా నీళ్లు దగ్గరికొచ్చాయి. లంక గ్రామాలు, తాడిచెట్లు, గట్టుకు కట్టేసిన దోనెలు, వలలు ఆరేసిన కర్రలు. దూరంగా గూడబాతుల గుంపు నీటి మీద తెల్లగా తేలుతోంది. ఎడ్లగాడి వంతెన దగ్గర బస్సు నెమ్మదించింది. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచిన తర్వాత, ఆ నీళ్లే కిందికి దిగి ఇక్కడికొచ్చాయి. చిన్న ఎడ్లగాడి దగ్గర రోడ్డు మీద నీరు పారి ఏలూరు, కైకలూరు మధ్య రాకపోకలు ఆగిపోయాయి. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో వాగులు, డ్రెయిన్లు కొల్లేటిలో పడతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. ఇన్ని చేతులు పోసే కుండకు ఒక్కటే చిల్లు.

నా సంచిలోని పటంలో ఏలూరు నుంచి కైకలూరుకు సూటిగా ఒక ఎర్ర గీత ఉంది. చిన్నప్పుడే గీసుకున్న కల లాంటిది. కట్ట పోసి, పట్టా వేసి, ఈ దూరాన్ని అరగంటలో దాటించేద్దామని. వంతెన మీద నీటి ఒరవడి చూశాక ఆ గీతను చెరిపేశాను. రైలు కట్ట అంటే ఇరవై, ముప్పై కిలోమీటర్ల పొడవున ఒక అడ్డుగోడ. ఎన్ని తూములు పెట్టినా, వరదలో కొంత నీటిని పై ఊళ్లలోనే నిలబెడుతుంది. కొల్లేటిని అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్లు, 1999లో అభయారణ్యం చేశారు. 2002లో అది చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. 2005, 2006లలో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు కొట్టించారు. నీటికి దారి ఇవ్వడానికి గట్లు తెగ్గొట్టిన చోట, మనం మళ్లీ పెద్ద గట్టు పొయ్యమని అడగడం న్యాయం కాదు. ఉన్న రోడ్డునే పల్లపు చోట్ల కట్ట తీసి పొడవాటి వంతెనలుగా లేపితే నీరూ పోతుంది, బస్సూ పోతుంది.

అలాగని పెద్దావిడను బస్సు దగ్గరే వదిలెయ్యమనడం కాదు నా ఉద్దేశం. ఈ పల్లెవెలుగును బస్సు అనుకోకుండా, కొల్లేటి వడ్డాణంలో అడ్డంగా పడిన ఒక లైను అనుకోవాలి. ఏలూరు స్టేషన్ బయట ఎక్కి కైకలూరు స్టేషన్ బయట దిగేలా, రెండు చోట్లా రైలు వేళలకు సరిపోయేలా, రైలుకీ బస్సుకీ ఒకే టికెట్టుతో నడపాలి. మెట్రో పటంలో రంగు గీతలు వేస్తారే, దీనికీ ఒక రంగు వెయ్యాలి.

కైకలూరు స్టేషన్ చూస్తే నాకు సంతోషం, బాధ రెండూ కలిగాయి. 1928లో మీటరు గేజీతో మొదలైన ఈ లైనుకు ఇప్పుడు రెండో పట్టా పడింది, పైన కరెంటు తీగ ఉంది. విజయవాడ, గుడివాడ, భీమవరం, నిడదవోలు, బందరు, నరసాపురం కొమ్మలు కలిపి 221 కిలోమీటర్లు డబ్లింగు చేసి విద్యుదీకరించారు. ఇంత సొమ్ము పెట్టి వేసిన దారి మధ్యాహ్నం పూట ఎండలో ఖాళీగా మెరుస్తోంది. హైదరాబాదు పోయే బండ్లు రాత్రికి. పగలు ఊళ్ల మధ్య తిరిగే బండ్లు తక్కువ. ఒక కుర్రాడు భీమవరంలో ఇంజనీరింగు చదువుతున్నాడట. "లాస్ట్ క్లాసు ఎగ్గొడితే బండి అందుతుందండి, లేకపోతే ఆకివీడు దాకా ఆటో, అక్కణ్ణుంచి ఇంకో ఆటో" అన్నాడు.

వడ్డాణం మీద తిరిగే బండి ఎలా ఉండాలో ఆ ప్లాట్‌ఫాం మీదే లెక్క వేసుకున్నాను. విజయవాడ నుంచి గుడివాడ, కైకలూరు, భీమవరం, తణుకు, నిడదవోలు, గూడెం, ఏలూరు, మళ్లీ విజయవాడ. రెండొందల యాభై కిలోమీటర్లు దాటుతుంది. నిడదవోలులోనూ, విజయవాడలోనూ బండి దిశ మారాలి. మెమూ అనే కరెంటు లోకల్ బండికి రెండు కొసల్లోనూ డ్రైవరు గది ఉంటుంది కనక ఇంజను తిప్పే పని లేదు. హైదరాబాదులో 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలుపెట్టినప్పుడు కొత్త దారి వెయ్యలేదు, ఉన్న పట్టాల మీదే నడిపారు, ఖర్చు రైల్వే, రాష్ట్రం పంచుకున్నాయి. కలకత్తాలో హుగ్లీ ఒడ్డున పాత పట్టాల మీదే సర్క్యులర్ రైలు నడుస్తోంది. కొల్లేటి చుట్టూ నడవకూడదని ఏముంది? గంటకోటి అటు, గంటకోటి ఇటు. గూడెం వాళ్లకు భీమవరం కలెక్టరేటు, ఆకివీడు వాళ్లకు తణుకు, ఉండి పిల్లలకు కాలేజీలు, అన్నీ ఆ ఒక్క బండిలో కలుస్తాయి.

విజయవాడ వైపు బండి ఎక్కాను. మండవల్లి, గుడివాడ, ఇందుపల్లి, ఉప్పులూరు. ఉప్పులూరు దాటాక నగరం మొదలవుతున్న గుర్తులు, అపార్టుమెంట్లు, గోడౌన్లు. నిడమానూరులో దిగి నడుచుకుంటూ హైవే మీదికొచ్చాను. రామవరప్పాడు రింగు నుంచి ఇక్కడి దాకా కింద ఫ్లైఓవరు, పైన మెట్రో ఉండే డబుల్ డెక్కరు కట్టాలని ఆలోచన. ఆ స్తంభాలు రావాల్సిన చోట నిలబడి వెనక్కి తిరిగి చూశాను. గుడివాడ లైను ఇక్కడ మెట్రో గీతకు చేరువలో ఉంది. గన్నవరంలో ఏలూరు లైనూ అంతే, మెట్రో హైవే మీద, రైలు ఊరి అవతల. కొల్లేటి వడ్డాణం రెండు కొసలూ ఒకే మెట్రో లైనుకు తగులుతున్నాయి.

తొలి దశ లెక్కనే తీసుకుంటే మెట్రో కిలోమీటరుకు దాదాపు 287 కోట్లు. ఏలూరు దాకా పొడిగించమంటే తొలి దశ మొత్తానికంటే ఎక్కువవుతుంది. నేను అది అడగను. నిడమానూరులో రైల్వే ప్లాట్‌ఫాం నుంచి మెట్రో మెట్ల దాకా కప్పు ఉన్న నడక వంతెన ఒకటి, గన్నవరంలో మెట్రో కొసను రైల్వే స్టేషన్ దాకా తిప్పడం ఒకటి, ఈ రెండు మార్పులు అడుగుతాను. మెట్రో విమానాశ్రయానికి పోతే చాలనుకుంటే పొరపాటు. విమానం ఎక్కేవాళ్లకంటే ఏలూరు, గూడెం నుంచి పొద్దున్నే వచ్చి సాయంత్రం పోయేవాళ్లే ఎక్కువ. కొల్లేటి దక్షిణపు ఒడ్డు నుంచి వచ్చేవాళ్లు నిడమానూరులో, ఉత్తరపు ఒడ్డు నుంచి వచ్చేవాళ్లు గన్నవరంలో దిగి మెట్రో ఎక్కుతారు. ఏలూరు రోడ్డు మీద బస్సులూ కార్లూ ఆ మేరకు తగ్గుతాయి.

సాయంత్రం ఆరు దాటింది. హైవే పక్కన టీ కొట్టు బెంచీ మీద కూర్చుని పటం మీద ఈ రెండు మార్పులు, ఒక బస్సు గీత, చుట్టు తిరిగే మెమూ వేళలు రాసుకున్నాను. ఒక కాపీ మెట్రో కార్పొరేషన్‌కు, ఒకటి విజయవాడ డివిజనల్ రైల్వే మేనేజరుకు, ఒకటి ఏలూరు కలెక్టరేటులో సోమవారం అర్జీల వరసలో ఇస్తాను. గన్నవరం కొస ఎటు తిరగాలో స్తంభాలకు గోతులు తియ్యకముందే తేలాలి.