వెబ్ పేజీకి వ్యాకరణం అవసరమా?

తెలుగు పరీక్షలో ఒక దీర్ఘం తప్పితే అర మార్కు పోతుంది. వెబ్ పేజీకి రాసే కోడుకు కూడా ఇలాంటి వ్యాకరణం ఉంది. హెచ్‌టీఎంఎల్‌లో ఏ గుర్తు ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ముగియాలి, ఏది దేని లోపల ఉండాలి అని నియమాలు ఉంటాయి. కానీ వాటిలో తప్పులున్నా పేజీ చాలాసార్లు చక్కగానే కనిపిస్తుంది. అలాంటప్పుడు ఆ నియమాలను అంత గట్టిగా పాటించాలా? ఈ ప్రశ్న మీద మా తరగతిలో వారం రోజులు వాదన జరిగింది.

మా పదో తరగతి వాళ్ళం హోసూరు చుట్టుపక్కల తెలుగు మాటలు, సామెతలు, పొడుపుకథలు ఇళ్ళల్లో పెద్దవాళ్ళను అడిగి సేకరించి ఒక వెబ్ పేజీలో పెట్టాము. పేజీ నమూనా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికింది. ఫోన్‌లో చూసినవాళ్ళంతా బాగుందన్నారు. కంప్యూటర్ సార్ మాత్రం డబ్ల్యూ3సీ వారి తనిఖీ సాధనంలో పెట్టి చూడమన్నారు. డబ్ల్యూ3సీ అంటే వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1994లో మొదలుపెట్టిన సంస్థ. వెబ్ ప్రమాణాలు తయారు చేయడం దాని పని. తనిఖీలో 27 తప్పులు, 4 హెచ్చరికలు వచ్చాయి.

"పేజీ కనిపిస్తా ఉంది కదా, ఇంక దిద్దేది ఎందుకు?" అని సగం మంది అన్నారు. "ఒక్క తప్పు కూడా ఉండకూడదు" అని మిగతావాళ్ళు అన్నారు.

మొదటివాళ్ళ మాటలో నిజం ఉంది. 2000లో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అనే కఠినమైన ప్రమాణం వచ్చింది. దాన్ని పూర్తి కఠినంగా వాడితే, ఒక్క గుర్తు మూయకపోయినా పేజీకి బదులు 'తప్పు ఉంది' అనే సందేశమే కనిపించేది. అంత కఠినం జనానికి పనికిరాలేదు. దాని రెండో రూపం కోసం జరుగుతున్న పనిని 2009లో ఆపేయాలని నిర్ణయించారు. తర్వాత వచ్చిన హెచ్‌టీఎంఎల్5లో, తప్పు కోడు ఎదురైతే బ్రౌజర్ దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో కూడా రాసిపెట్టారు. మా 27 తప్పుల్లో 18 పాతకాలపు సెంటర్, ఫాంట్ గుర్తులే. వాటిని వాడొద్దని ప్రమాణం చెప్తుంది, అయినా బ్రౌజర్లు ఇప్పటికీ చూపిస్తాయి.

అట్లని తనిఖీ వద్దనలేము. ఒక లింకు గుర్తు మూయకుండా ఉన్నందుకు 3 తప్పులు వచ్చాయి. దానివల్ల కింద ఉన్న పొడుపుకథలు కూడా లింకులైపోయాయి. ఎక్కడ తాకినా వేరే పేజీకి పోతుంది.

నా ఆలోచన మారింది మా తాత వల్ల. ఆ పేజీలో తాత చెప్పిన సామెతలు 14 ఉన్నాయి. షుగరు వల్ల ఆయనకు చూపు పోయి మూడేళ్ళయింది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మా మామ ఇంటి కంప్యూటర్‌లో పెట్టాడు, తెలుగు గొంతు కూడా వేశాడు. "నేను చెప్పినవి ఎట్ల రాసినారో వినిపించు పాపా" అని తాత అడిగారు. పేజీ తెరిస్తే ఇంగ్లీషు గొంతు వరుస అంకెలు మాత్రం చదివి, తెలుగంతా వదిలేసింది. "నా మాటలు యాడికి పోయినాయి?" అన్నారు తాత.

కారణం నమూనాలోనే ఉంది. కోడు మొదట్లో పేజీ భాష ఇంగ్లీషు అని రాసి ఉంది. 'ఈఎన్' తీసి 'టీఈ' అని పెట్టగానే తెలుగు గొంతు వచ్చింది. తాత 14 సామెతలూ విన్నారు, రెండింటికి సవరణలు కూడా చెప్పారు. విచిత్రం ఏమంటే, తనిఖీ సాధనం దీన్ని తప్పుల్లో చూపలేదు, 4 హెచ్చరికల్లో ఒకటిగా చూపింది. 27 తప్పులూ దిద్ది 'తప్పులు లేవు' అనిపించుకున్నా, తాతకు ఆ పేజీ మూగగానే ఉండేది.

మిగిలిన 6 తప్పులు ఫొటోలకు వివరణ లేకపోవడం. అక్కడ 'ఫొటో' అని ఒక్క మాట పెట్టినా సాధనం ఊరుకుంటుంది. కానీ తాతకు ఏం తెలుస్తుంది? 'సంగటి కెలుకుతున్న అవ్వ' అంటే తెలుస్తుంది. శీర్షికల సంగతి కూడా అంతే. అక్షరాలను లావుగా, పెద్దగా చేస్తే కంటికి శీర్షికలాగే ఉంటుంది. శీర్షిక గుర్తు పెడితేనే తాత హెచ్ మీట నొక్కి సామెతల నుంచి పొడుపుకథలకు నేరుగా పోగలరు. ఈ లోటును సాధనం మాకు చూపనేలేదు.

చూపులేనివాళ్ళతో సహా అందరికీ వెబ్ అందాలని డబ్ల్యూ3సీ వేరే మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. 2008లో వచ్చిన వాటి 2.0 రూపంలో, కోడు గుర్తులు సరిగ్గా తెరిచి మూయాలనే నియమం ఉండేది. 2023లో వచ్చిన 2.2లో దాన్ని తీసేశారు, ఎందుకంటే అలాంటి తప్పులను ఇప్పుడు బ్రౌజర్లే సర్దుకుంటున్నాయి. పేజీ ఏ భాషలో ఉందో చెప్పాలి, చిత్రానికి వివరణ ఇవ్వాలి అనే నియమాలు మాత్రం అలాగే ఉన్నాయి.

కాబట్టి నేను రెండు పక్షాల్లో ఏదీ కాదు. తప్పులు ఎన్ని అని లెక్కపెట్టడం కంటే, ఏ తప్పు వల్ల ఎవరికి పేజీ అందకుండా పోతుందో చూడాలి. తమిళనాడులో తెలుగు చదువుకుంటున్న మనకు ఇది ఇంకా ముఖ్యం. మన పేజీ తెలుగు అని మనం రాయకపోతే, నమూనాలో ఉన్న ఇంగ్లీషే నిలిచిపోతుంది.

భాష, ఫొటోల వివరణలు, శీర్షికలు, ఆ లింకు ఇప్పటికే సరిచేశాము. పాత గుర్తులు 18 ఇంకా ఉన్నాయి, పబ్లిక్ పరీక్షలయ్యాక తీస్తాము. వచ్చే ఏడాది ఈ పేజీ చూసుకోబోయే తొమ్మిదో తరగతి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. కొత్త సామెత చేర్చిన ప్రతిసారీ తనిఖీలో పెట్టండి, హెచ్చరికలు కూడా చదవండి. తర్వాత కళ్ళు మూసుకుని ఒకసారి పేజీని వినండి.