గోడమీద పేర్లు

మాది యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు. మా తాతయ్య జనన పత్రం ఫ్రెంచిలోనే ఉండేది. ఫ్రాన్సు తన రాజుకి ఎదురు నిలిచిన హాలు చూడాలన్నది నా చిన్ననాటి కోరిక. అందుకే పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు వెర్సాయ్ వెళ్దామంటే, రాజమందిరం తర్వాత, ముందు అక్కడికే పదమన్నాను.

రైలు దిగి సందుల్లో నడుచుకుంటూ వెళ్ళాం. రాజమందిరం ముందు బారులు తీరిన జనం. ఇక్కడ మాతోపాటు నలుగురైదుగురు. టికెట్టు లేదు. 1686లో కట్టిన బంతాట హాలు. ఎత్తయిన గోడలు, పైన కిటికీలు, లోపలంతా ఖాళీ. ఇక్కడ ప్రతిజ్ఞ చేయించిన బాయీ విగ్రహం. గోడలమీద ప్రతిజ్ఞ చేసినవారి పేర్లు.

1789 మే 5న రాజు పదహారో లూయీ ఈ ఊళ్ళోనే మూడు శ్రేణుల ప్రతినిధులను సమావేశపరిచాడు. ఖజానా ఖాళీ, కొత్త పన్నులు కావాలి. మతాధికారులది మొదటి శ్రేణి, ప్రభువులది రెండోది. మిగతా దేశమంతా, అంటే నూటికి 95 మందికి పైగా, మూడో శ్రేణి. ప్రభువులు జరీ అంచులతో, ఈకల టోపీలతో వచ్చారు. మూడో శ్రేణి వాళ్ళు నల్లబట్టలే కట్టుకోవాలని ఆజ్ఞ. శ్రేణికో ఓటు చొప్పున లెక్కిస్తే వీళ్ళు ఎంతమంది ఉన్నా ఓడిపోవడమే. తలకో ఓటు కావాలని పట్టుబట్టారు. దేశమంటే మూడో శ్రేణేనని సియేస్ అనే మతాచార్యుడు ఆ జనవరిలోనే చిన్న పుస్తకం రాసి ఉన్నాడు. జూన్ 17న వాళ్ళు తమను జాతీయ సభగా ప్రకటించుకున్నారు. జూన్ 20న వస్తే సభాస్థలి తలుపులు మూసి ఉన్నాయి, సైనికులు కాపలా. దగ్గర్లో దొరికిన ఈ హాల్లోకి వచ్చి, రాజ్యాంగం ఏర్పడేదాకా విడిపోమని ఒట్టు పెట్టుకున్నారు.

ఒకే ఒక్కడు ఒప్పుకోలేదు. మార్తాఁ దోష్. రాజు ఆమోదం లేనిదానికి ప్రమాణం చెయ్యలేనన్నాడు. చుట్టూ అరుపులు. అయినా అతని సంతకం పక్కన ‘వ్యతిరేకి’ అని రాయనిచ్చారు. ఆ మాట రాయనివ్వడం నాకు ఒట్టుకంటే గొప్పగా తోచింది. తర్వాతి సంవత్సరాల్లో ఆ ఓర్పు మిగల్లేదు. ఒట్టు పెట్టించిన బాయీనే 1793లో గిలెటిన్‌కి అప్పగించారు.

మేనకోడలు పేర్లు చదువుతూ చదువుతూ ఆగింది. “మావయ్యా, వీళ్ళల్లో రైతులు ఎంతమంది?”

దాదాపు లేరు. లాయర్లు, న్యాయాధికారులు, వ్యాపారులు. బ్రిటనీ ప్రాంతం నుంచి వచ్చిన మిషెల్ జెరార్ అనే రైతు ఒకడు ఉన్నాడు. చిత్రకారుడు దావీద్ అతన్ని చేతులు జోడించి నిలబడ్డట్టు గీశాడు. రూసో, మాంటెస్క్యూ రాతలు ఈ లాయర్లకి పుస్తకాల్లోంచి వచ్చాయి. ఊళ్ళవాళ్ళకి ఆ భావాలు పన్నుల్లోంచి వచ్చాయనిపిస్తుంది నాకు. సమావేశానికి ముందు దేశమంతటా రాయించిన విన్నపాల్లో ఉప్పు పన్ను, చర్చికిచ్చే పంట భాగం, రోడ్లకోసం వెట్టి: ఇవే బాధలు. తమ చేల మీద వాలే దొరగారి పావురాలను కొట్టే హక్కు కూడా రైతుకు లేదు.

బయటికొచ్చి పారిస్ వైపు పోయే వెడల్పాటి చెట్ల బాట పట్టాం. అక్టోబరు 5న వేలమంది ఆడవాళ్ళు ఈ దారినే, వానలో, దాదాపు 20 కిలోమీటర్లు నడిచి వచ్చారు. చేపలమ్మే వాళ్ళు, కూలివాళ్ళు. ఆ ఏడు వేసవికి నాలుగు పౌండ్ల రొట్టె 14 సూలు (ఆనాటి చిల్లర నాణేలు) దాటింది. కూలివాడి రోజు సంపాదనే 20 నుంచి 30 సూలు. ఆగస్టు 4 రాత్రి సభ ప్రభువుల హక్కులు రద్దు చేసింది, 26న మానవ హక్కుల ప్రకటన వెలువరించింది. రాజు మాత్రం వాటిని ఆమోదించకుండా నాన్చుతూనే ఉన్నాడు. రొట్టె అడగడానికి వచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడ్డ రాత్రి ఒప్పుకున్నాడు. మర్నాడు అతన్ని పారిస్ తీసుకుపోయారు. లాయర్ల కాగితానికి వాళ్ళు బలమిచ్చారు. డిసెంబరులో అదే సభ, మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టే మగవాళ్ళకే ఓటన్నది. నాకిది ఎంత చదివినా మింగుడుపడదు. ఆడవాళ్ళ హక్కుల ప్రకటన రాసిన ఒలింప్ ద గూజ్‌ని 1793లో చంపేశారు.

సాయంత్రం బాస్టీల్ చేరాం. ఒకప్పటి జైలు కోట ఇప్పుడు లేదు, దాని గీత మాత్రం రోడ్డు రాళ్ళలో ఉంది. అక్కడున్న ఎత్తయిన స్తంభం మీది పేర్లు 1830 విప్లవంలో చనిపోయినవాళ్ళవి. 1789 జులై 14న కోటమీద పడ్డవాళ్ళు ఎక్కువమంది పక్కనున్న సేంత్ ఆంత్వాన్ పేట వడ్రంగులు, చిన్న చేతిపనివాళ్ళు. లోపల దొరికింది ఏడుగురు ఖైదీలు. కోటమీద పడ్డవాళ్ళకి కావలసింది మందుగుండు. దొరలు వేసుకునే మోకాళ్ళ లాగు కాక పొడుగు ప్యాంటు వేసుకునేవాళ్ళు కాబట్టి సాఁ-క్యులోత్‌లు అన్న పేరు వాళ్ళలాంటివాళ్ళకే వచ్చింది.

మెట్రో అయిదో లైను ప్లాట్‌ఫాం మీద కోట పునాది రాళ్ళు కొన్ని అలాగే ఉంచారు. మేనకోడలు వెళ్ళి వాటిమీద చెయ్యి వేసింది. “వీటిమీద పేర్లు లేవు మావయ్యా” అంది. రైలు వచ్చింది. మేం ఎక్కలేదు, తర్వాతి దానికోసం అక్కడే నిలబడ్డాం.