పల్చని గాలికి పాత జీపు

సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున, ఛత్తీస్‌గఢ్ మైదానంలో అరచేయివలె చదునుగా పరుచుకొన్న ఊరు భిలాయి. అందులో జునవానీ వైపున ఉన్న నివాసాల పేట స్మృతి నగర్. మే నెలలో ఎండ మండే ఈ పేటలో, ఒక వేపచెట్టు నీడన, పాత పెట్రోలు జీపు ఒకటి లదాఖ్ ప్రయాణానికి ముస్తాబవుతున్నదంటే వినేవారికి వింతగా తోచవచ్చును. కాని పర్వతారోహణ మొదలయ్యేది పర్వతపాదం వద్ద కాదు. బయలుదేరే ఇంటి వాకిట్లోనే.

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వలన ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలసింది. దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కొలిమి వెలుగును నమ్ముకొని శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో. అటువంటి కుటుంబమే మా మేనమామగారిది. ఫర్నేసు వద్ద ఉద్యోగం చేసి విరమించిన ఆయనకు మిగిలిన వ్యసనం ఒక్కటే: మహీంద్రా వారి పాత జీపు. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్ల ఇంజను, దాని నెత్తిన ఒక కార్బ్యురేటర్.

ఈ కార్బ్యురేటర్ చేసే పని పైకి సులువుగా కనిపిస్తుంది. ఇంజను పీల్చే గాలి ఒక ఇరుకు గొంతులోనుండి దూసుకుపోతుంది. అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ లోటును పూరించడానికి పెట్రోలు సన్నని రంధ్రం గుండా పైకి చిమ్ముతుంది. ఆ రంధ్రం గల ఇత్తడి ముక్కనే జెట్ అంటారు. బరువులో ఒక పాలు పెట్రోలుకు పదిహేను పాళ్లకు కొంచెం తక్కువగా గాలి కలిస్తే దహనం పరిపూర్ణమవుతుంది.

చిక్కు వచ్చేది ఎత్తుకు పోయినప్పుడు. గాలి పల్చబడుతుంది గాని పెట్రోలు పల్చబడదు. లేహ్ పట్టణం 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. భిలాయి గాలితో పోల్చితే అక్కడి గాలి బరువు నాలుగో వంతుకు పైగా తక్కువ. ఇంజను మాత్రం ఎప్పటివలె అంతే పరిమాణంలో గాలిని పీలుస్తుంది. దానితోపాటు వచ్చే పెట్రోలు కొంత తగ్గినా, గాలి తగ్గినంతగా తగ్గదు. లెక్క వేస్తే మిశ్రమంలో పెట్రోలు ఆరో వంతు ఎక్కువవుతుంది. ఫలితంగా నల్లని పొగ, ప్లగ్గులపై మసి, వెనుక కూర్చున్నవారికి పెట్రోలు వాసన, నిలిపి ఉంచితే ఆయాసపడి ఆగిపోయే ఇంజను.

ఈ సంగతిని నాకు బోధపరచినది పలాస వైపు నుండి వచ్చి స్థిరపడిన వృద్ధ మేస్త్రి. ఆయన ఏ గ్రంథమూ చదివినవాడు కాడు. "అన్నం ఎక్కువై ఊపిరి సాలకపోతే మనిషికెలా ఉంటాది బాబూ? ఇంజనుకీ అంతే" అన్నాడు. మామయ్య నవ్వి, "మా కొలిమిలో కూడా బొగ్గు ఎంత పోసినా, కింద నుంచి గాలి ఊదకపోతే ఇనుము కరిగేదా అబ్బాయ్?" అన్నారు. వృత్తులు వేరైనా ఇద్దరి జ్ఞానమూ ఒకచోటనే కలుస్తున్నది.

మేస్త్రి చేసిన పనులను వరుసగా చెబుతాను. మొదట గాలి వడపోతను శుభ్రం చేశాడు. దొరికే గాలే తక్కువైనప్పుడు దానికి అడ్డు ఉండరాదు. తరువాత జెట్ మార్పు. సోలెక్స్ జాతి కార్బ్యురేటర్లలో జెట్‌పై ఉండే అంకె రంధ్రపు వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతులుగా తెలుపుతుంది. 120 అంకె గల జెట్ భిలాయిలో సరిపోతే, లేహ్‌లో 110 చాలును. రంధ్రాన్ని సూదితో కెలకడం, తీగ చుట్టి ఇరుకు చేయడం మహాపాపమని ఆయన మతం. మూడవది ఐడిల్ మరను పెట్రోలు తగ్గే వైపుకు కొద్దిగా తిప్పడం. నాలుగవది నిప్పురవ్వ వేళను రెండు మూడు డిగ్రీలు ముందుకు జరపడం. పల్చని మిశ్రమం నెమ్మదిగా మండుతుంది కనుక దానికి కొంచెం ముందుగా నిప్పు ముట్టించాలి.

పెట్రోలు గొట్టాన్ని సైలెన్సరు వేడికి దూరంగా జరిపాడు. ఎత్తున ద్రవాలు తక్కువ వేడికే మరుగుతాయి. లేహ్‌లో నీరు 88 డిగ్రీలకే మరుగుతుంది. గొట్టంలో పెట్రోలు ఆవిరైతే బుడగ అడ్డుపడి బండి నడిరోడ్డున నిలిచిపోతుంది.

ముందుగా సర్గుజా జిల్లాలోని మైన్‌పాట్‌కు వెళ్లి పరీక్షించాము. 1,000 మీటర్లు దాటిన ఆ పీఠభూమిపై 1960ల తొలినాళ్లలో టిబెటన్ శరణార్థులకు ఆశ్రయం కల్పించారు. అక్కడి ప్రార్థనా పతాకాల నడుమ నిలిచి ఇంజను శబ్దం వింటుంటే హిమాలయాలు మమ్ములను సగం దారిలోనే పలకరించినట్లు తోచింది. అంత ఎత్తుకు జెట్ మార్పుతో పనిలేదు. పాత జెట్‌తోనే ప్లగ్గులు చక్కని ఇటుకరంగులో ఉన్నాయి. నలుపైతే పెట్రోలు ఎక్కువ, సున్నపు తెలుపైతే తక్కువ. ప్లగ్గు ముఖమే ఇంజను జాతకం.

చిన్న జెట్‌ను మనాలీలో బిగించాము. 2020లో ప్రారంభమైన అటల్ సొరంగం రోహ్‌తాంగ్ కనుమ శ్రమను తప్పించినా, బారాలాచా లా, 5,300 మీటర్లకు పైబడిన తంగ్‌లాంగ్ లా తప్పవు. అంత ఎత్తున ఇంజను బలం సగానికి కొంచెమే ఎక్కువగా మిగులుతుంది. జెట్ సరిచేస్తే పొగ పోతుంది గాని, లేని గాలి తిరిగి రాదు. మొదటి గేరులో, నడిచే మనిషి వేగంతో ఎక్కాము. మామయ్య వయస్సును తలచి లేహ్‌లో మూడు రోజులు కదలకుండా విశ్రమించాము. పల్చని గాలికి యంత్రాన్ని ఒక పూటలో సరిచేయవచ్చును. మనిషి రక్తానికి రోజులు పడుతుంది.

అసలు ప్రమాదం పైన కాదు, దిగివచ్చిన తరువాత ఉన్నది. చిన్న జెట్‌తోనే మైదానంలో పరుగెత్తితే గాలి ఎక్కువై, పెట్రోలు చాలక ఇంజను అతిగా వేడెక్కుతుంది. ముందుకు జరిపిన నిప్పురవ్వ వలన లోపల సుత్తిదెబ్బల వంటి చప్పుడు పుడుతుంది. వాల్వులు కాలుతాయి, పిస్టన్‌కు చిల్లు పడవచ్చును. ఎక్కేటప్పుడు తప్పు జరిగితే పొగ కక్కి హెచ్చరించే ఇంజను, దిగేటప్పటి తప్పును కడదాకా దాచిపెడుతుంది. అందుకే మేస్త్రి 120 జెట్‌ను గుడ్డలో చుట్టి స్టీరింగుకే కట్టి పంపాడు: "దిగగానే ముందు ఇదే బిగించాల బాబుగారూ."

నేటి వాహనాలలో గాలి బరువును యంత్రమే కొలిచి పెట్రోలు కొలతను సరిదిద్దుకుంటుంది. మన దేశంలో కొత్త కార్ల నుండి కార్బ్యురేటర్ 2000 ప్రాంతంలో తప్పుకొన్నది; 2020 నాటి కాలుష్య నిబంధనలతో ద్విచక్రవాహనాల నుండీ దాదాపుగా తప్పుకొన్నది. గాలికి అది మేలే. అయితే ప్లగ్గు రంగును చూసి, చప్పుడు విని కొలత చెప్పగల చేతులు కూడా దానితోపాటే అరుదవుతున్నాయి. స్మృతి నగర్ మేస్త్రి వద్ద ఇప్పుడు పని నేర్చుకొనే కుర్రవాడు లేడు. ఆయన పెట్టెలో అంకెల వారీగా పేర్చిన ఇత్తడి జెట్లు మాత్రం ఉన్నాయి. వాటిని ఎప్పుడు, ఎందుకు మార్చాలో తెలిసినవాడు ఉన్నంతకాలం పాత జీపులు కొండలెక్కుతాయి. అంతకంటె ముఖ్యంగా, క్షేమంగా దిగివస్తాయి.