వరఖ్ కొట్టే పిట్ట

పిల్లలూ,

ఉగాదినాడు వేపపువ్వు కోసుకురమ్మని అమ్మ మిమ్మల్ని పెరట్లోకి పంపిస్తుంది గదా! మీరేం చేస్తారు? అందిన కొమ్మ వంచి, నాలుగు రెబ్బలు తుంచి, లోపలికి పరుగెత్తుకు వస్తారు. ఈసారి అలా రాకండి. ఒక్క పది నిమిషాలు ఆ చెట్టు కిందనే నిలబడండి. ఎందుకు నిలబడమంటున్నానో చెబుతాను, వినండి.

మాది హైదరాబాదు పాతబస్తీలో గౌలీపురా. మా పెరడు ఏమంత పెద్దది కాదు. ఒక బావి, బట్టలుతికే బండ, మూలగా తులసికోట, నడుమ ఒక వేపచెట్టు. చెట్టు మాత్రం పెద్దది. మాఘమాసం వెళ్ళేసరికి దాని ఆకులన్నీ పండి రాలిపోతవి. ఊడ్చినకొద్దీ రాలుతూనే ఉంటవి. చెట్టు చచ్చిపోయిందా అనిపిస్తుంది. ఫాల్గుణంలో ఒకనాడు చూస్తే కొమ్మకొమ్మకూ రాగిరంగు చిగుళ్ళు! చైత్రం వచ్చేసరికి తెల్లని పూత. రాత్రిపూట ఆరుబయట మంచం వేసుకుని పడుకుంటే, గాలి వీచినప్పుడల్లా ఆ వాసన వస్తుంది. ఆకు చేదు, పువ్వు చేదు. వాసన మాత్రం ఎంత తియ్యగా ఉంటుందో!

అప్పుడు పిట్టలు వస్తవి. తేనెపిట్టలు మందారపువ్వుల చుట్టూ తిరుగుతవి. గోడ కంతల్లో గోరింకలు పోట్లాడుకుంటవి. కోయిల కూస్తుంది. కోయిల చలికాలమంతా ఎక్కడికో పోయి వసంతంలో తిరిగి వచ్చిందని మీరు అనుకుంటున్నారు కాబోలు. అది ఎక్కడికీ పోలేదు. చలికాలంలో నోరు మూసుకుని కూచుంది, అంతే. కూ అని పాడేది మగకోయిల. అది నల్లగా ఉంటుంది, కళ్ళు ఎర్రగా ఉంటవి. ఆడకోయిల గోధుమరంగులో ఉండి, ఒంటినిండా తెల్లని చుక్కలు వేసుకుని ఉంటుంది. అది పాడదు, కిక్ కిక్ మని అరుస్తుంది. కాకి గూటిలో గుడ్డు పెట్టిపోయేది అదే.

అయితే నేను చెప్పబోయేది కోయిల సంగతి కాదు.

నా చిన్నతనంలో మా గల్లీ చివర వరఖ్ కొట్టే దుకాణం ఒకటి ఉండేది. మిఠాయిల మీదా, తాంబూలం మీదా అంటించే పల్చని వెండిరేకునే వరఖ్ అంటారు. చిన్న చిన్న వెండిముక్కలను తోలుపుస్తకం ఆకుల మధ్య పెట్టి, సుత్తితో గంటలకొద్దీ కొడితే, ఊదితే ఎగిరిపోయేంత పల్చగా అవుతవి. చార్మినారు చుట్టుపక్కల ఒకప్పుడు ఈ పనివాళ్ళు చాలామంది ఉండేవారు. ఇప్పుడు ఆ పని మిషన్లు చేస్తున్నవి గనుక చేత్తో కొట్టేవాళ్ళు బాగా తగ్గిపోయారు.

పొద్దున లేచేసరికి నాకు టుక్, టుక్, టుక్ అని సుత్తి చప్పుడు వినిపించేది. "పాపం, ఆయన అప్పుడే పని మొదలుపెట్టాడు!" అనుకునేవాణ్ణి. ఒక శుక్రవారంనాడు చూస్తే దుకాణం మూసి ఉంది. కాని చప్పుడు వినిపిస్తూనే ఉంది! ఆయన లేకుండా ఆయన సుత్తి ఎలా కొడుతున్నది?

వెతికాను. చప్పుడు ఒకసారి బావి వైపునుంచి వచ్చినట్టుంటుంది, ఒకసారి వీధి వైపునుంచి వచ్చినట్టుంటుంది. చివరకు వేపచెట్టు చిటారుకొమ్మన కనిపించింది. ఆకుపచ్చని పిట్ట! పిచ్చుక కన్నా కాస్త పెద్దది, బొద్దుగా ఉంది. నుదుట కుంకుమ బొట్టు పెట్టినట్టు ఎర్రని మచ్చ. కంటి చుట్టూ పసుపు. గొంతు కింద మరొక ఎర్రని పట్టీ. ముక్కు మూసుకునే ఉంది, గొంతు మాత్రం ఉబ్బుతున్నది, తగ్గుతున్నది. ఉబ్బినప్పుడల్లా ఒక టుక్! తలను అటూ ఇటూ తిప్పుతూ కూస్తుంది గనుక చప్పుడు నలువైపులనుంచీ వచ్చినట్టు తోస్తుంది. మెళుకువ మీద ఉంటే నిమిషానికి నూరుకు పైగా కొడుతుంది. దీన్నే కంసాలిపిట్ట అంటారు. మా గల్లీలో నేను దానికి పెట్టుకున్న పేరు వరఖ్ పిట్ట.

ఇది 1966వ సంవత్సరం మాట. అప్పుడు నాకు పదేళ్ళు.

కొద్దిరోజులకు ఆ పిట్ట గోడ పక్కన ఉన్న ఎండుకొమ్మకు కన్నం పెట్టింది. ఆడా మగా రెండూ వంతులవారీగా తొలిచేవి. రెండూ ఒకే తీరుగా ఉంటవి, ఏది ఏదో చెప్పలేము. కొమ్మ అడుగువైపున రూపాయిబిళ్ళ కన్నా కొంచెం పెద్ద కన్నం. ఒక పిట్ట లోపల దూరి, ముక్కునిండా చెక్కపొట్టు తెచ్చి బయట పారేసేది.

పిల్లలూ, ఇక్కడ నేనొక పాడుపని చేశాను. లోపలేముందో చూడాలని తహతహ. గోడ ఎక్కాను. కన్నంలో చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. వెదురుపుల్ల ఒకటి తీసుకుని లోపలికి పొడిచాను. బయటికి తీస్తే పుల్ల చివర పచ్చసొన అంటుకుని ఉంది.

మర్నాడు చప్పుడు లేదు. ఆ మర్నాడూ లేదు. ఆ ఏడు మళ్ళీ ఆ పిట్టలు మా పెరట్లోకి రాలేదు. గల్లీ చివర అసలు సుత్తి మోగుతూనే ఉంది. దాన్ని వింటుంటే నాకు ఏడుపు వచ్చేది.

పుల్ల చూసి మా నాయనమ్మ సంగతి గ్రహించింది. కొట్టలేదు, తిట్టలేదు. ఆదివారంనాడు "నడువు బిడ్డా" అని నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినారు దాటాము. మీనార్ల మీదినుంచి పావురాలు గుంపుగా లేచినవి. పత్థర్‌గట్టీ దాటాము. నయాపూల్ మీద మూసీనది దాటి అఫ్జల్‌గంజ్ చేరాము. అక్కడ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక పెద్ద చింతచెట్టు ఉంది. దాని ముందు నన్ను నిలబెట్టింది.

1908 సెప్టెంబరు 28న మూసీకి పెద్ద వరద వచ్చింది. పైనున్న చెరువులు తెగిపోయినవి. నీళ్ళు ఒడ్డులు దాటి ఇళ్ళమీదికి వచ్చినవి. సుమారు 15,000 మంది చనిపోయారని చెబుతారు. అప్పటికి ఇప్పటి ఆస్పత్రి భవనం లేదు. ఈ చింతచెట్టు మాత్రం ఉంది. నీళ్ళు తరుముకు వస్తుంటే దొరికినవాళ్ళు దొరికినట్టు ఈ చెట్టెక్కారు. కొమ్మలు పట్టుకుని వేలాడి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఈ వరద తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, మళ్ళీ ఇలా జరగకుండా ఉపాయం చెప్పమన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి. పాఠాలలో మీరు చదివేది ఇదే.

మా నాయనమ్మ పాఠాలు చదువుకోలేదు. ఆ వరదనాటికి ఆమె ఎనిమిదేళ్ళ పిల్ల. ఆమె ఇలా చెప్పింది:

"ఆ దినం నేను నీకన్న చిన్నదాన్ని. పిల్లలను భుజాలమీద ఎత్తుకుని, తడిబట్టలతో జనం మన గల్లీలోకి వచ్చిన్రు. మా అమ్మ రాత్రంతా జొన్నరొట్టెలు చేసి పెట్టింది. ఇటు ఒడ్డున ఈ చెట్టు, ఎక్కినవాళ్ళను నువ్వెవరు, నీదే కులం, నీదే మతం అని అడగలేదు బిడ్డా. ఎక్కినవాళ్ళనందరినీ పట్టుకున్నది. మన వేపచెట్టు కూడా ఆ పిట్టను అట్లనే పట్టుకున్నది. నువ్వేమో పుల్ల పెట్టి నెట్టేసినవు."

ఇంకేమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో నాకు జామకాయ కూడా కొనిపెట్టింది. కాని ఆ మాట ఇన్నేళ్ళయినా నా చెవిలో ఉండిపోయింది.

పెద్దయిన తరువాత సాలిం ఆలీగారిని గురించి చదివాను. మన దేశపు పక్షులను గురించి అంతగా తెలిసినవాళ్ళు అరుదు. ఆయన కూడా చిన్నతనంలో ఆటతుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతుమీద పసుపుమచ్చ కనిపించింది. ఇది ఏ పిచ్చుక అని తెలుసుకోవడానికి వెళ్ళి, పక్షులను గురించి నేర్చుకోవడం మొదలుపెట్టాడు. 1931, 1932 సంవత్సరాలలో ఆయన మన హైదరాబాదు రాజ్యమంతా తిరిగి ఇక్కడి పక్షుల లెక్క రాశాడు. అది చదివిన తరువాత నా మనసు కొంచెం కుదుటపడింది. చేసిన తప్పును చెరపలేము. కాని అక్కడినుంచి మంచి దారి పట్టవచ్చునన్నమాట.

ఇప్పుడు నిరుటి సంగతి చెబుతాను. మా వేపచెట్టుకు మళ్ళీ ఒక కొమ్మ ఎండిపోయింది. సరిగ్గా మా మనవరాలు చిట్టి బొమ్మలు పెట్టుకుని ఆడుకునే చోటికి పైన! పడితే ప్రమాదం గదా? అంచేత ఫాల్గుణమాసంలో చెట్లు కొట్టే అతన్ని పిలిపించాను. అతను తాడూ గొడ్డలీ తీసుకుని చెట్టెక్కబోతున్నాడు. టుక్, టుక్, టుక్!

"తాతా, ఎవరో సుత్తి కొడుతున్నారు!" అన్నది చిట్టి.

తల ఎత్తి చూశాను. ఎండుకొమ్మ అడుగున గుండ్రని కన్నం. కన్నంలో ఎర్రబొట్టు పెట్టుకున్న ముఖం!

ఏం చేయాలి? కొమ్మ కొడితే గూడు పోతుంది. కొట్టకపోతే పిల్లమీద పడుతుందేమోనని భయం. ఇంట్లో కొంచెం వాదన కూడా జరిగింది. చివరకు చెట్టు కొట్టే అతనే ఉపాయం చెప్పాడు. కొమ్మ చివరి బరువంతా రంపంతో మెల్లగా కోసేసి, గూడున్న భాగాన్ని పై కొమ్మకు తాడుతో బిగించి కట్టాడు. మేము కొమ్మ కింద చుట్టూ ముళ్ళకంప వేశాము. చిట్టి తన బొమ్మలను తులసికోట పక్కకు మార్చుకుంది.

"లోపల గుడ్లున్నాయేమో, నిచ్చెన వేసి చూడనా?" అని చిట్టి అడిగింది. అప్పుడు దానికి వెదురుపుల్ల కథ చెప్పాను. చాలాసేపు నా ముఖంవైపు చూసి, "అయితే కిందనుంచే చూస్తాను" అన్నది.

చూసింది కూడా! రోజూ బడికి వెళ్ళేముందు అరగంట. నోటుపుస్తకంలో రాసుకునేది. పిట్టలు గుడ్లు పొదగడానికి రెండు వారాలదాకా పడుతుంది. ఆ రోజుల్లో ఒకటి లోపలికి వెళితే ఒకటి బయటికి వచ్చేది. తరువాత ముక్కున పండ్లు కరుచుకుని రావడం మొదలుపెట్టినవి. గుడి దగ్గర ఉన్న రావిచెట్టు పండ్లు అవి. ఒకనాడు అరగంటలో ఏడుసార్లు వచ్చినవని చిట్టి రాసింది. నెలరోజులు దాటిన తరువాత ఒక ఉదయం కన్నంలో కొత్త ముఖం కనిపించింది.

"తాతా, దీనికి బొట్టు లేదేం?" అన్నది చిట్టి.

నిజమే! కంసాలిపిట్ట పిల్లలకు నుదుటి ఎరుపు ఉండదు. పెరిగిన తరువాత వస్తుంది. అరవై తొమ్మిదేళ్ళ ముసలివాణ్ణి, ఆ సంగతి నేను మొదటిసారి చూడటం ఆనాడే.

వైశాఖంలో పిల్లలు ఎగిరిపోయినవి. వారం రోజులు చూసి, ఇక లోపల ఎవరూ లేరని నమ్మకం కలిగిన తరువాత, వానలు పడకముందే ఆ కొమ్మ కోయించాము. గూడున్న ముక్కను నిలువునా చీల్చి చూశాము. ద్వారం గుండ్రంగా ఉంది. అక్కడినుంచి సొరంగం మలుపు తిరిగి లోపలికి పోయింది. పీచు లేదు, దూది లేదు, ఈకలు లేవు. కాస్త చెక్కపొట్టు, అంతే! ఆ ముక్క ఇప్పుడు చిట్టి పుస్తకాల అలమరలో ఉంది. కొమ్మ మొదలు మూరెడంత చెట్టుకే వదిలివేశాము. ఈ ఏడు ఎవరికైనా పనికిరావచ్చును.

పిల్లలూ, మీ ఇంటి దగ్గర వేపచెట్టు లేకపోతే రావిచెట్టో, చింతచెట్టో, గోడలో ఒక కంతో ఉండకపోదు. ఉగాదినాడు దాని కింద నిలబడి వినండి. చూడండి, రాసుకోండి. పుల్ల మాత్రం పెట్టకండి.

అఫ్జల్‌గంజ్ వైపు ఎప్పుడైనా వెళితే ఆ చింతచెట్టును కూడా చూసి రండి. దాని కొమ్మల్లో ఏయే పిట్టలున్నవో లెక్కపెట్టండి. ఒకనాడు అక్కడ మనుషులు కూచున్నారు.